పాత జిప్సీ.. పట్టించుకుంటే పదికాలాలు
ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది అడుగు భాగమే
మృగశిరకు ముందే మరమ్మతులు ముగిస్తే మేలు

వేల్పూర్: నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే చిన్న వాహనం విలువ నల్లరేగడి నేలలున్న ప్రాంతాల్లో వర్షాకాలం వచ్చినప్పుడే తెలుస్తుంది. పసుపు, ఎర్రజొన్న, మొక్కజొన్న పంటలకు పేరొందిన వేల్పూర్, ఆర్మూర్ ప్రాంతాల్లో తారు రోడ్డు దిగి పొలంబాట పట్టగానే మామూలు కారు చక్రం బురదలో కూరుకుపోతుంది. ట్రాక్టరు అన్ని పనులకూ పనికిరాదు. అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా, తెల్లవారుజామున మోటారు వద్దకు వెళ్లాలన్నా తేలికైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆసరాగా నిలుస్తుంది. మన దేశంలో ఈ తరహా వాహనం అనగానే గుర్తుకు వచ్చేది మారుతి జిప్సీ.

1985 డిసెంబరులో మార్కెట్‌లోకి వచ్చిన ఈ బండి సాధారణ కొనుగోలుదారులకు 2019 నుంచి దొరకడం లేదు. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి జిప్సీ పాతదే. వీటిలో చాలావరకు 20 ఏళ్లు దాటినవి. కొత్త బండి కొనే స్తోమత లేనివారు, ఉన్న బండిని వదులుకోలేనివారు దీనిని ఎంతకాలం నడపవచ్చన్నది ఇప్పుడు ఎదురవుతున్న ప్రశ్న. ఇంజిన్ పాడవడం వల్ల మూలన పడే బండ్ల కంటే అడుగున పట్టిన బురద, మార్చని ఆయిల్, చిరిగిన రబ్బరు సీళ్ల వల్ల మూలన పడేవే ఎక్కువన్నది మెకానిక్‌ల అనుభవం. అవి కొద్ది ఖర్చుతో, సమయానికి చూసుకుంటే తప్పించుకోగల నష్టాలే.

మూడు తరాల ఇంజిన్లు

జిప్సీ కొనేవారు, మరమ్మతు చేయించేవారు ముందుగా తమ బండి ఏ తరానికి చెందినదో తెలుసుకోవలసి ఉంటుంది. తొలి రకంలో 970 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు ఉండేవి. దీని శక్తి సుమారు 45 హార్స్ పవర్. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1,298 సీసీ ఇంజిన్, ఐదు గేర్లు అమర్చారు. శక్తి 60 హార్స్ పవర్‌కు పెరిగింది. ఈ రెండింటిలోనూ పెట్రోలు కార్బురేటర్ ద్వారా అందుతుంది. 2000 సంవత్సరంలో కార్బురేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ విధానం ప్రవేశపెట్టడంతో శక్తి 80 హార్స్ పవర్‌కు చేరింది. కింగ్‌లో ఉన్న ఇంజిన్ కుటుంబమే ఒకప్పటి ఎస్టీమ్ కారులోనూ ఉండటం వల్ల దాని పనితీరు తెలిసిన మెకానిక్‌లు పట్టణాల్లో ఇప్పటికీ దొరుకుతారు.

ఇంజిన్ ఏదైనా అడుగు భాగం తీరు మాత్రం దాదాపు ఒకటే. నిచ్చెన వంటి ఇనుప ఛాసిస్, ముందూ వెనకా కమాను పట్టీలు, రెండు బరువైన హౌసింగ్‌లు ఉంటాయి. గేర్ బాక్స్‌కు వెనక విడిగా ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. వెనక చక్రాలకు మాత్రమే వెళ్లే శక్తిని అవసరమైనప్పుడు ముందు చక్రాలకు కూడా పంచేది ఇదే. గేర్ బాక్స్ నుంచి దీనికి ఒక పొట్టి షాఫ్టు, దీని నుంచి ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి చొప్పున మొత్తం మూడు షాఫ్టులు ఉంటాయి. బండి కింద పడుకుని చూస్తే ఇవన్నీ కంటికి కనిపిస్తాయి. రెంచీ పట్టుకోగల వారెవరైనా వీటిని పరిశీలించుకోవచ్చు.

తారు రోడ్డుపై ఫోర్ వీల్ వద్దు

రెండో గేరు కడ్డీపై 2 హెచ్, 4 హెచ్, ఎన్, 4 ఎల్ అని గుర్తులు ఉంటాయి. 2 హెచ్‌లో వెనక చక్రాలే లాగుతాయి. తారు రోడ్డుపై ఎప్పుడూ ఇందులోనే నడపాలి. 4 హెచ్‌లో నాలుగు చక్రాలూ లాగుతాయి. బురద, ఇసుక, వదులు మట్టికి ఇది తగినది. 4 ఎల్‌లో వేగం బాగా తగ్గి లాగే బలం పెరుగుతుంది. దిగబడిన బండిని బయటకు తీయడానికి, వాలు గట్లు ఎక్కి దిగడానికి దీనిని వాడాలి. 4 ఎల్ వేయాలంటే బండిని పూర్తిగా నిలిపి, క్లచ్ తొక్కి ఉంచడం అవసరం.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మెత్తటి నేలపై చక్రం కొద్దిగా జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డుపై జారే వీలుండదు. జిప్సీలో ముందు, వెనక షాఫ్టుల మధ్య తేడాను సర్దే ఏర్పాటు లేదు. దానితో ఒత్తిడి అంతా పళ్లచక్రాలపైన, జాయింట్లపైన పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుపోవడం, కడ్డీ వెనక్కు రాకపోవడం దీనికి సూచనలు. అటువంటప్పుడు కడ్డీని బలంగా లాగకుండా బండిని కొద్ది దూరం తిన్నగా రివర్సులో నడిపితే సులువుగా వస్తుంది.

కొన్ని బండ్లలో ముందు చక్రాల మధ్యన చేతితో తిప్పే హబ్ లాకులు ఉంటాయి. కడ్డీ 4 హెచ్‌లో వేసినా ఇవి ‘ఫ్రీ’లో ఉంటే ముందు చక్రాలకు శక్తి చేరదు. ఫోర్ వీల్ పనిచేయడం లేదని ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించే ముందు ఈ లాకులను చూసుకోవడం మంచిది. రెండు వైపులా లాకు ఒకే స్థితిలో ఉండాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతవై ఉండటం కూడా అంతే ముఖ్యం. ముందు అరిగినవి, వెనక కొత్తవి వేసి ఫోర్ వీల్‌లో నడిపితే తిన్నగా పోయినా ఒత్తిడి తప్పదు. నెలకు ఒకసారైనా మట్టి బాటలో కొద్ది దూరం ఫోర్ వీల్‌లో నడిపితే లోపలి భాగాలకు ఆయిల్ అంది, తుప్పు పట్టకుండా ఉంటాయి.

నీటిలో దిగితే ఆయిల్ చూడాల్సిందే

2023 జూలై నాలుగో వారంలో వేల్పూర్‌లో 24 గంటల వ్యవధిలో 46 సెంటీమీటర్ల మేర వర్షం కురిసింది. అటువంటి వానలు తరచూ రాకపోయినా, వాగుల మీదుగా రాకపోకలు సాగించే బండ్లకు చక్రాల మధ్యభాగం దాకా నీరు తగలడం ఏటా ఉండేదే. నీటిలో దిగి బయటపడిన బండి మామూలుగానే నడుస్తుంది. నష్టం కొన్ని వారాల తరువాత బయటపడుతుంది.

హౌసింగ్ నడిచేటప్పుడు వేడెక్కుతుంది. ఒక్కసారిగా చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ గాలి రాకపోకల కోసం పైభాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. దానిని బ్రీదర్ అంటారు. అది బురదతో మూసుకుపోతే హౌసింగ్ ఆయిల్ సీళ్ల సందుల నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీరు కలిసిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. జారుడు గుణం పోయి క్రౌన్, పినియన్, బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ మార్పుతో పోయే పనికి హౌసింగ్ మొత్తం విప్పవలసి వస్తుంది.

దీనిని కనిపెట్టడం కష్టమేమీ కాదు. బండిని రాత్రంతా సమతల నేలపై నిలిపి, ఉదయం కదపకుండా హౌసింగ్ అడుగు బోల్టును కొద్దిగా వదులు చేయాలి. ఆయిల్ కంటే నీరు బరువైనది కనుక ముందుగా నీటి చుక్కలు వస్తాయి. నీరు కనిపిస్తే ఆయిల్ మొత్తం తీసివేసి కొత్తది పోయాలి. ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ నాలుగింటినీ వేర్వేరుగా పరీక్షించాలి. ఒకదానిలో ఆయిల్ బాగున్నంత మాత్రాన మిగిలినవి బాగున్నట్లు కాదు. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి దాని కొసను బానెట్ ఎత్తుకు తెచ్చి కడితే ఈ బెడద చాలావరకు తీరుతుంది.

నీటిలో ఇంజిన్ ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టడం పెద్ద పొరపాటు. ఎయిర్ ఫిల్టరు గుండా నీరు సిలిండర్‌లోకి చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని ఒడ్డుకు నెట్టి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, సెల్ఫ్ తిప్పి నీటిని బయటకు పంపిన తరువాతే ప్రయత్నించాలి. ఇంజిన్ ఆయిల్ తెల్లబారితే మార్చకుండా స్టార్ట్ చేయరాదు. బయటకు వచ్చాక కొద్ది దూరం బ్రేకు మెల్లగా తొక్కుతూ నడిపితే బ్రేకు షూలు ఆరుతాయి. వెనక డ్రమ్ములు విప్పి లోపల చేరిన ఒండ్రును శుభ్రం చేయించడం మరువరాదు.

స్టీరింగ్ వణికితే నిర్లక్ష్యం తగదు

గంటకు 50 నుంచి 70 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలో నిలవకుండా వణికిపోవడం పాత జిప్సీలలో తరచూ కనిపించే లోపం. ఆర్మూర్ మీదుగా సాగే 44, 63 జాతీయ రహదారులపై భారీ వాహనాల నడుమ ఇది ప్రాణాంతకం కావచ్చు. చాలామంది వెంటనే స్టీరింగ్ బాక్స్ మార్పించడానికి సిద్ధపడతారు. చాలా సందర్భాల్లో కారణం అది కాదు.

ముందుగా టైర్ల గాలి, బ్యాలెన్సింగ్ చూడాలి. తరువాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కమని చెప్పి మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే చక్రం బేరింగు వదులైనట్లు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్ బేరింగులు అరిగినట్లు భావించాలి. చక్రాన్ని కుడి ఎడమలకు ఊపినప్పుడు కదలిక ఉంటే టై రాడ్ చివరలు చూడాలి. కమాను పట్టీల బుష్‌లు అరిగినా హౌసింగ్ స్థానం తప్పి వణుకు వస్తుంది. ఈ వరుసలో చూసుకుంటే అవసరం లేని భాగం మార్చే ఖర్చు తప్పుతుంది. వణుకును ఆపడానికి పెట్టిన డ్యాంపర్‌ను మాత్రమే మార్చి ఊరుకుంటే లోపం కొంతకాలం కప్పబడుతుందే తప్ప పోదు.

ముందు చక్రం మలుపు తిరిగే చోట బంతి ఆకారంలో ఉండే ఇనుప గుండు, దాని చుట్టూ రబ్బరు, నమ్దా సీలు ఉంటాయి. లోపల యాక్సిల్ జాయింట్ గ్రీజులో తిరుగుతుంది. సీలు చిరిగితే గ్రీజు బయటకు, ఇసుక లోపలికి చేరుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టక టకమనే శబ్దం వస్తే జాయింట్ అరిగినట్లు. చక్రం లోపలి వైపు పలుచటి నూనె కారుతుంటే హౌసింగ్ సీలు పోయి గేర్ ఆయిల్ బయటకు వస్తున్నట్లు. సీలు చిరిగిన వెంటనే మార్చితే జాయింట్ దక్కుతుంది. ఆలస్యమైతే యాక్సిల్ కూడా మార్చవలసి వస్తుంది.

గ్రీజు గన్ తోడుంటే

మూడు షాఫ్టుల చివర ఉండే క్రాస్ జాయింట్లకు గ్రీజు నిపిళ్లు ఉంటే, ప్రతి 5,000 కిలోమీటర్లకు, బురదలోనో నీటిలోనో దిగిన ప్రతిసారీ గ్రీజు పట్టించాలి. పాత గ్రీజు, మట్టి బయటకు వచ్చేవరకు గన్ నొక్కాలి. గేరు వేయగానే ‘టక్’మని, వేగం పెరిగితే కింద నుంచి గుంయ్‌మని శబ్దం వస్తే క్రాస్ అరిగినట్లు. షాఫ్టు విప్పేముందు రెండు వైపులా సుద్దతో గుర్తు పెట్టుకుని, తిరిగి అదే స్థితిలో బిగించాలి. లేకపోతే కొత్త క్రాస్ వేసినా అదురు తగ్గదు. క్రాస్‌లు బాగుండి కూడా గేరు కడ్డీలు అతిగా ఊగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను మోసే రబ్బరు మౌంటింగులు తెగి ఉండవచ్చు.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు 5,000 కిలోమీటర్లకు మార్చడం పాత బండికి క్షేమం. బండి తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చాలి. బ్రేకు ఆయిల్, రేడియేటర్ కూలెంట్ రెండేళ్లకు ఒకసారి మార్చాలి. ఎండాకాలంలో ఉష్ణోగ్రతలు 44 డిగ్రీలు దాటే జిల్లాలో రేడియేటర్‌లో ఉత్త బోరు నీరు పోస్తే లోపల ఉప్పు పేరుకుని హెడ్డు గ్యాస్కెట్ కాలిపోయే ప్రమాదం ఉంది. టైమింగ్ బెల్టును లక్ష కిలోమీటర్ల లోపే మార్చాలి. మీటరు పనిచేయని బండి, చేతులు మారిన బండి అయితే కొన్న వెంటనే బెల్టు మార్చడం తెలివైన పని.

కొత్త పెట్రోలుతో జాగ్రత్త

దేశంలో ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్ముతున్నారు. కార్బురేటర్ జిప్సీ తయారైన రోజుల్లో ఈ ఇంధనం ఊహలో లేదు. ఇథనాల్ వల్ల పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు గట్టిపడి పగిలే అవకాశం ఉంది. కొన్ని పాత వాహనాల్లో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగిన తరువాత రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ కూడా 2025లో పేర్కొన్నది.

గొట్టాలు పగిలే దాకా వేచి చూడటం తగదు. వేడి ఇంజిన్‌పై పెట్రోలు చుక్క పడితే మంటలు రేగుతాయి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న పాత గొట్టాలన్నింటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో ఒకేసారి మార్పించడం మేలు. ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉన్నందున బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ఇనుప ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఫిల్టరును, జెట్‌లను మూసేస్తుంది. పెట్రోలు వాసన తగిలితే కారణం తెలిసేవరకు బండి స్టార్ట్ చేయరాదు.

కాగితాలూ బండిలో భాగమే

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవచ్చు. 15 ఏళ్లు నిండిన సొంత బండి దానంతట అదే తుక్కు కింద జమ కాదు. అయితే ఖర్చు పెరిగింది. కారు తరగతి వాహనాల పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దానిని 10 వేలకు చేర్చారు. హరిత పన్ను దీనికి అదనం. జిల్లా ‘ఏపీ 25’ సిరీస్ బండ్లన్నీ 2014లో తెలంగాణ ఏర్పడి ‘టీఎస్ 16’ రాకముందు రిజిస్టర్ అయినవే. కనుక 2029 మధ్య నాటికి అవన్నీ 15 ఏళ్ల గడువు దాటుతాయి. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకునే వీలుంది.

తనిఖీలో బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, పొగ, ఛాసిస్ నంబరు చూస్తారు. తుప్పుతో నంబరు చెరిగిపోతే చిక్కులు ఎదురవుతాయి. నంబరు ఉన్నచోట మట్టి తుడిచి గ్రీజు పూసి ఉంచితే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పోలీసు, అటవీ శాఖల్లో ఒకప్పుడు జిప్సీలు విరివిగా వాడినందున పాత ప్రభుత్వ బండి అంటూ అమ్మకానికి పెట్టేవారు ఉంటారు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు. బండి ఎవరి పేరున ఉందో, కాగితాలు బదిలీ అవుతాయో రవాణా కార్యాలయంలో నిర్ధారించుకున్న తరువాతే బయానా ఇవ్వాలి.

ఉంచుకోవాలా? వదిలించుకోవాలా?

ఈ ప్రశ్నకు జవాబు ఛాసిస్ వద్ద దొరుకుతుంది. వెనక కమాను పట్టీలు బిగించే చోట, బాడీ కూర్చునే మౌంటింగుల వద్ద, ముందు ఫ్లోరు కింద నల్లమట్టి అతుక్కుని తేమను పట్టి ఉంచుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. పైపొర రాలి లోపల ఇనుము గట్టిగా తగిలితే గీకి, ప్రైమర్ వేసి, పెయింట్ కొట్టిస్తే సరిపోతుంది. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే మాత్రం ఆలోచించాలి. ఇంజిన్ పోతే మరొకటి వేయవచ్చు. గేర్ బాక్స్ పోతే బాగు చేయించవచ్చు. ఛాసిస్ పొడవునా తుప్పు తిన్న బండిపై ఎంత వెచ్చించినా వృథాయే. రేకులు అతికించి రంగు వేసిన బండి చూపులకు బాగున్నా, బరువుతో వాగు దిగేటప్పుడు విరిగితే అందులో ఉన్నవారికే ముప్పు.

ఛాసిస్ గట్టిగా ఉంటే ఖర్చు ఒక వరుసలో పెట్టడం మంచిది. తొలుత బ్రేకులు, స్టీరింగ్, టైర్లు. తరువాత పెట్రోలు గొట్టాలు, ఆయిల్ సీళ్లు. ఆ తరువాత ఇంజిన్, క్లచ్. రంగు, సీట్లు, అదనపు దీపాలు చివర్లో చూసుకోవచ్చు. చాలామంది ఈ వరుసను తిరగేయడం వల్లనే డబ్బు ఖర్చయినా బండి నమ్మకంగా నడవదు.

పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, మార్కెట్‌కు తరలించడం ముగిసి, మృగశిర కార్తెలో విత్తనాల హడావిడి మొదలయ్యేలోగా రైతుకు కొంత వెసులుబాటు ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో బండి అడుగు భాగాన్ని నీటితో కడిగి ఆరబెట్టి, నాలుగు చోట్లా ఆయిల్ చూసి, గ్రీజు పట్టించి, సీళ్లు మార్పించుకోవడానికి ఇదే తగిన సమయం. వానలు కురిశాక అదే పని చేయించాలంటే బండి బురదలో, రైతు షెడ్డు ముందు నిలబడవలసి వస్తుంది.

దిగబడితే ఇలా చేయాలి

* చక్రం గిర్రున తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదిలేయాలి. తిప్పేకొద్దీ గుంత లోతవుతుంది.
* హబ్ లాకులు వేసి, 4 ఎల్‌లో రెండో గేరుతో మెల్లగా కదపాలి.
* టైర్లలో గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు తిరిగి నింపాలి.
* చక్రాల ముందు మట్టి తవ్వి, చొప్ప లేదా గోనె సంచులు పరచాలి.
* ట్రాక్టరుతో లాగించేటప్పుడు తాడును ఛాసిస్ కొక్కేనికే కట్టాలి. బంపరుకు, టై రాడ్‌కు కట్టరాదు.
* లాగే సమయంలో తాడుకు సమీపంలో ఎవరూ నిలబడకూడదు. తెగిన తాడు ప్రాణం తీయగలదు.